చక్రం కింది రాయి

మధురానగర్‌లో మేమున్న వీధి వాలుగా ఉంటుందని నడిచేవాళ్ళకి తెలిసేది కాదు. బకెట్టు నీళ్ళు గుమ్మరిస్తే తెలిసేది. మా గేటు దగ్గర పోసిన నీళ్ళు ఎక్కడా ఆగకుండా కింద మలుపులో ఉన్న కరెంటు స్తంభం దాకా వెళ్ళిపోయేవి. అన్నయ్య ఆ ఇల్లు అద్దెకి తీసుకున్నప్పుడు వాలు సంగతి చూడలేదు, బోరు చూశాడు. వేసవిలో చుట్టుపక్కల బోర్లన్నీ గాలి కక్కుతుంటే ఆ ఒక్కదాన్లో నీళ్ళు పడేవి. ఎస్.ఆర్. నగర్ దాకా సందుసందుకీ హాస్టళ్ళు లేస్తున్న రోజులవి. ఒక్కో గదిలో మంచాలు గోడ నుంచి గోడ దాకా ఆనించి వేసేవాళ్ళు. వాటి మీద జిల్లాల నుంచి దిగిన పిల్లలు, తలగడ కింద జావా పుస్తకాలు. వాళ్ళందరికీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు రావాలి. అంతకన్నా ముందు పొద్దున స్నానానికి నీళ్ళు రావాలి.

పెద్ద ట్యాంకరు లారీలు ఆ సందుల్లో పట్టేవి కావు. అందుకని అన్నయ్య ఎక్కడో వేలంలో ఒక చిన్న ట్రాక్టరు కొన్నాడు. ఏదో పెద్ద తోటలో గడ్డి కోయడానికి విదేశం నుంచి తెప్పించిన బండి అది. పొలం ట్రాక్టరులో సగం ఉంటుంది. దానికి ఒక చిన్న నీళ్ళ ట్యాంకు ట్రాలీ తగిలించి హాస్టళ్ళకి నీళ్ళు పోయడం మొదలుపెట్టాడు.

నేను అప్పుడు అన్నయ్య వదినల దగ్గర ఉంటూ మైత్రీవనంలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో టెస్టింగ్ పాఠాలు చెప్పేదాన్ని. ఒక ప్రోగ్రాము ఎక్కడ, ఎలా చెడిపోతుందో ముందే వెతికి పట్టుకోవడం నేను నేర్పే విద్య. అది ఇంట్లోనూ నన్ను వదిలేది కాదు. గ్యాస్ సిలిండరు పైపు, మేడమెట్ల రెయిలింగు, వదిన చీర కొంగు స్టవ్వుకి ఎంత దూరంలో ఉంది, అన్నీ నా కళ్ళలో పడేవి. “దీనికి సంబంధం కుదరడం కష్టం, పెళ్ళికొడుకులో కూడా బగ్గులు వెతుకుతుంది,” అని అన్నయ్య వచ్చిన చుట్టాలందరికీ చెప్పేవాడు. నాకు ఒళ్ళు మండేది. నోరు కూడా ఊరుకునేది కాదు.

ట్రాక్టరు నడిపేది భాయ్. బోరబండ నుంచి తెల్లారకముందే సైకిలు మీద వచ్చేవాడు. పేరుంది గాని మా వీధిలో ఎవరూ ఆ పేరు పెట్టి పిలవలేదు. అన్నయ్యని అన్నా అనేవాడు, వదినని వదినమ్మా అనేవాడు, నన్ను చెల్లే అనేవాడు. బండి ఎక్కగానే చెప్పులు విప్పి సీటు వెనక పెట్టి, ఒట్టి పాదంతో నడిపేవాడు. వెడల్పాటి పాదం, వేళ్ళు ఎడంగా ఉండేవి, బొటనవేలి గోరు ఎప్పుడో దెబ్బ తగిలి నల్లబడిపోయింది. ఆ పాదం నాకు ఇంత బాగా ఎందుకు గుర్తుందో చదివేవాళ్ళకి ముందు ముందు తెలుస్తుంది.

ఆ బండికి గేర్లు లేవు, క్లచ్చి లేదు. ఇంజను ఒక పంపుని తిప్పుతుంది, పంపు నూనెని తోస్తుంది, ఆ నూనె తోపుడుకి చక్రాలు తిరుగుతాయి. హైడ్రాలిక్ అంటే అంతే. కుడికాలితో పెడల్ తొక్కినంతసేపు బండి కదులుతుంది. కాలు తీస్తే నూనె ఎక్కడిదక్కడ బిగుసుకుపోయి బండి నిలబడిపోతుంది. ఇంజను ఆపేసినా, వాలులో ఉన్నా, వెనక నిండు ట్యాంకు ఉన్నా సరే, కదలదు. బ్రేకు పెడల్ ఒకటి ఉండేది గాని దాని అవసరం రాక తుప్పు పట్టి బిగుసుకుపోయింది.

“బ్రేకు బాగు చేయించరా?” అని నేను మొదట్లోనే అడిగాను.

“బ్రేకెందుకు చెల్లె, గీ కాలే నా బ్రేకు,” అని భాయ్ పాదం ఎత్తి చూపించి నవ్వాడు. “కాలు లేపితే బండి నిలవడ్తది. గుర్రం లెక్క మాట ఇంటది.”

ఒక ఎండాకాలం ఇంజను చచ్చిపోయింది. లోపల ఏదో పగిలిందట, దాని సామాన్లు మన దేశంలో దొరకవట. రాణిగంజ్‌లో షాపుషాపూ తిరిగి అన్నయ్య ముఖం వాడిపోయింది. నీళ్ళు ఆగిపోతే హాస్టళ్ళవాళ్ళు ఇంకొకరిని చూసుకుంటారు. వదిన ఉప్మా ముందు పెడితే ప్లేటు వైపు కూడా చూసేవాడు కాదు. ఒకరోజు అలా కూర్చున్నవాడు ఉన్నట్టుండి లేచి, “బ్యాటరీ పెట్టేద్దాం,” అన్నాడు.

అన్నయ్యకి ఆ పని కొత్త కాదు. గోడౌన్లలో సరుకులెత్తే బ్యాటరీ బళ్ళని రిపేరు చేసే కంపెనీలో చాలా ఏళ్ళు పనిచేశాడు. అలాంటి ఒక పాత బండి నుంచి తీసిన మోటారు తెచ్చాడు. ఇన్వర్టర్లలో వాడే పెద్ద బ్యాటరీలు తెచ్చి ఇంజను ఉండే చోట ఇనప ఫ్రేము కట్టించి వరుసగా పేర్చాడు. మోటారుని పంపుకి కలిపే ముక్క బాలానగర్‌లో లేతు మీద కోయించాడు. మా వరండా అంతా కేబుళ్ళూ, రాగి ముక్కలూ, యాసిడ్ వాసన. వదిన బట్టలు ఆరేసే తీగకి అన్నయ్య తన టెస్టింగ్ లైటు వేలాడదీసేవాడు. ఆ రోజుల్లో వాడి ముఖంలో ఉన్న వెలుగు మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. వాడి తెలివి నాకు గర్వంగానే ఉండేది, అబద్ధం చెప్పను.

మొదటిసారి స్విచ్చి వేసినప్పుడు టక్ అని ఒక చప్పుడు, తర్వాత సన్నటి కూత, అంతే. పొగ లేదు, వణుకు లేదు. పక్క హాస్టల్ పిల్లలు పళ్ళు తోముకుంటూ వచ్చి చూశారు. భాయ్ ఎక్కి పాదం పెట్టాడు. బండి కదిలింది. పాదం తీశాడు. ఆగింది. “వాహ్!” అన్నాడు.

కాని పది గంటలయ్యేసరికి బ్యాటరీలు పడుకునేవి. మోటారు ఆ పంపుని ఊరికే తిప్పడానికే సగం కరెంటు ఖర్చయిపోయేది. నూనె వేడెక్కేది. ఎస్.ఆర్. నగర్ సందుల్లో ఎక్కడో బండి ఆగిపోతే, భాయ్ కింద మర తిప్పి నూనె బిగువు వదిలాక హాస్టల్ పిల్లలు బనియన్లతో వచ్చి నెట్టేవాళ్ళు. అన్నయ్య ఒక వారం చూసి, ఆ హైడ్రాలిక్ పంపుని పూర్తిగా పీకేసి, మోటారుని నేరుగా వెనక చక్రాల ఇరుసుకి కలిపేస్తానన్నాడు.

“అది తీసేస్తే బండిని ఆపేది ఎవరు?” అన్నాను.

“మొదలెట్టింది,” అన్నాడు వదిన వైపు చూసి. నాతో, “బ్రేకులు ఉంటాయిగా,” అన్నాడు.

“ఏ బ్రేకులు? తుప్పు పట్టినవా?”

“కొత్తవి చేయిస్తా. లేతు ఆయనకి కొలతలు ఇచ్చాను. దసరా అయ్యాక ఇస్తానన్నాడు. అంతదాకా నెమ్మదిగా నడుపుతాడు భాయ్. నీకు అన్నిట్లో తప్పులే కనబడతాయేంటే బాబూ!”

నూనె దించిన రోజు నాకు బాగా గుర్తు. కింద రేకు పళ్ళెం పెట్టి బోల్టు విప్పితే తేనె రంగులో చిక్కగా, చప్పుడు లేకుండా చాలాసేపు కారింది. భాయ్ ఆ పళ్ళెం వైపే చూస్తూ కూర్చున్నాడు. “అన్నా, దాని రక్తం తీసినట్లున్నది,” అన్నాడు. అన్నయ్య నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మార్పు బాగా పనిచేసింది. సాయంత్రం దాకా బ్యాటరీలు నిలిచాయి, ట్రిప్పులు పెరిగాయి. హాస్టళ్ళ ఓనర్లు వచ్చి చూసి వెళ్ళారు. చప్పుడు లేని బండి అని పేరొచ్చింది. అంతా బాగుందనుకుంటున్నప్పుడు ఒక పొద్దున వదిన గేటు ముందు ముగ్గు వేసి లోపలికి వచ్చింది. పాలపొంగు చూసుకుని మళ్ళీ బయటికి వెళ్ళిన మనిషి అక్కడే నిలబడిపోయింది. నేను వెళ్ళి చూశాను. ముగ్గు సగం చెరిగిపోయి ఉంది. దాని మీద ట్రాక్టరు వెనక చక్రం ఉంది. సీటు మీద ఎవరూ లేరు, తాళంచెవి మేకుకి వేలాడుతోంది, భాయ్ ఇంకా రాలేదు.

ఎవరూ తొయ్యలేదు. ఖాళీ ట్యాంకు బరువుకే, తనంతట తాను, జానెడు వెనక్కి వచ్చింది.

అన్నయ్య చూసి “ఓహో” అన్నాడు, అంతే. భాయ్ వచ్చి, ప్రహరీ కట్టినప్పుడు మిగిలిపోయిన ఒక నల్లరాయిని మూలనుంచి దొర్లించుకొచ్చాడు. ఒక పక్క చదునుగా, ఒక పక్క ఏటవాలుగా, కొలత తీసి చెక్కినట్టు ఆ చక్రానికి సరిపోయింది. ఆ రోజు నుంచి బండి ఆగడమంటే ఇదీ పద్ధతి: భాయ్ చేతి స్విచ్చితో వేగం తగ్గిస్తాడు, బండి వాలులో ఇంకా కొంచెం జారుతుంటే దూకి, రాయిని పాదంతో చక్రం కిందికి తోస్తాడు. బయల్దేరేటప్పుడు పాదంతోనే బయటికి లాగి, సీటు పక్కన పెట్టుకుని తీసుకుపోతాడు. ఇంతకుముందు పెడల్ మీద చేసిన పనినే ఆ పాదం ఇప్పుడు రాయి మీద చేసేది. అయినా పాత అలవాటు పోలేదు. నడుపుతూ నడుపుతూ ఆపడానికి పాదం లేపేసి, బండి ఆగకపోతే ఒక్క క్షణం తెల్లబోయి కిందికి చూసుకునేవాడు. నేను రెండుమూడుసార్లు చూశాను.

దసరా వచ్చింది. ఆయుధపూజ రోజు వదినకి చెయ్యి ఆగదు. స్పానర్లు, మల్టీమీటరు, బ్యాటరీలు, కుట్టుమిషను, చివరికి నా కంప్యూటరు కీబోర్డుకి కూడా పసుపు రాసి బొట్టు పెట్టింది. మర్నాడు క్లాసుకి నోట్సు టైపు చేస్తే వేళ్ళన్నీ పసుపే. ట్రాక్టరుని కడిగి, బంతిపూల దండ కట్టారు. ఆ దండ భాయే తెచ్చాడు, ఏటా తెచ్చేవాడు. నిమ్మకాయలు తొక్కించడం, కొబ్బరికాయ కొట్టడం అయ్యాయి. చక్రాలకి బొట్లు పెడుతూ వదిన వెనక్కి వచ్చి, అక్కడున్న నల్లరాయిని చూసింది. అది కూడా పనిముట్టే అనుకుంది. కడిగి, పసుపు రాసి, మూడు వేళ్ళతో కుంకం పెట్టి, పైన ఒక పువ్వు పెట్టింది.

ఆ మధ్యాహ్నమే ఎస్.ఆర్. నగర్‌కి ట్రిప్పు పడింది. భాయ్ బండి ఎక్కబోతూ రాయి తీయడానికి పాదం చాపి, గాల్లోనే ఆపేశాడు.

“వదినమ్మా, దీన్ని కాలుతోని జరపొచ్చా?”

“అయ్యయ్యో, బొట్టు పెట్టాక కాలు తగలకూడదు భాయ్!”

“మరి చెయ్యితోని పెట్టి టైరు కింద...”

“చక్రం కింద అసలే వద్దు. ఉండు, నేను తీస్తా.” వదిన రెండు చేతులా ఎత్తి గేటు స్తంభం పక్కన గట్టు మీద పెట్టి, కళ్ళకద్దుకుంది. “దీని పుణ్యమా అని ఇన్నాళ్ళూ బండి కదలకుండా ఉంది. ఇక్కడ ఉంటే ఇంటికి కూడా మంచిది.”

పక్క స్థలంలో అపార్టుమెంటు కడుతున్నారు. ఆవిడ రాయి ఎత్తేలోపే భాయ్ పరుగున వెళ్ళి అక్కడి నుంచి రెండు ఇటుకలు తెచ్చి చక్రం కింద పెట్టాడు.

నేను సాయంత్రం వచ్చి విని గొడవ పెట్టుకున్నాను. ఇటుక ఏంటి, నిండు ట్యాంకుని ఇటుక ఆపుతుందా అన్నాను. అన్నయ్య, “బ్రేకులు వచ్చేస్తున్నాయి, నాలుగు రోజులు ఓపిక పట్టు,” అన్నాడు. వదిన, “నీకు భక్తి లేదు సరే, మాకూ ఉండకూడదా?” అంది. మర్నాడు పొద్దున్నే నేను రాయి మీది పువ్వు తీసి పక్కన పెట్టి, దాన్ని ఎత్తుకెళ్ళి చక్రం కింద పెట్టాను. వదిన చూసింది. ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఆవిడ ఏడ్చింది, నేను అరిచాను, అన్నయ్య ఇద్దరి మధ్యా నలిగి చివరికి నన్నే, “నువ్వు కాస్త నోరు మూసుకో,” అన్నాడు. వదిన చెడ్డమనిషి కాదు. ఇంజను పోయిన ఎండాకాలంలో వాడి ముఖం చూసి ఆవిడ ఎంత భయపడిందో నాకు తెలుసు. ఆ రాయి వచ్చాకే ఇల్లు గాడిన పడిందని ఆవిడ గట్టి నమ్మకం. రాయిని పసుపునీళ్ళతో కడిగి, మళ్ళీ బొట్టు పెట్టి, గట్టు మీద పెట్టింది.

అప్పుడు నేను ఇంకో రాయి తెచ్చాను. పంజాగుట్టలో రోడ్డు తవ్విన చోట దొరికితే, క్లాసు అయ్యాక ఆటోలో వేసుకుని వచ్చాను. ఆటో అతను నన్నూ రాయినీ మార్చి మార్చి చూశాడు. చక్రానికి బాగానే సరిపోయింది. రెండురోజులు వాడారు. మూడో పొద్దున చూస్తే అది కూడా గట్టు మీద, మొదటి రాయి పక్కన ఉంది. దానికీ పసుపు, దానికీ బొట్టు. వదిన పెట్టలేదట. పక్క హాస్టల్లో ఇంటర్వ్యూకి వెళుతున్న ఒక పిల్ల ఒంటరి దేవుడికి తోడు పెట్టిందట, అమ్మా అయ్యా అని. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

ఇటుకలే మిగిలాయి. కార్తీకమాసం వచ్చింది. రాళ్ళ ముందు దీపాలు మొదలయ్యాయి. పిల్లలు బయోడేటాలు చంకలో పెట్టుకుని వచ్చి దండం పెట్టుకుని ఆటోలెక్కేవాళ్ళు. ఆ ఏడు వానలు వదల్లేదు. తడిసిన ఇటుకలు చక్రం కింద పిప్పి అయిపోయేవి, భాయ్ రెండురోజులకోసారి కొత్తవి తెచ్చేవాడు. ట్యాంకు పొర్లినప్పుడు ఇటుక పొడి నీళ్ళలో కలిసి వీధి వాలు పొడవునా ఎర్రగా పారేది, కింద స్తంభం దాకా. నేను క్లాసుకి వెళ్ళేటప్పుడు ఆ ఎర్రనీళ్ళని దాటి వెళ్ళాలి. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని దాటేదాన్ని, ఒక్కరోజు కూడా మామూలుగా దాటలేకపోయాను.

“అన్నకి చెప్పు భాయ్, బ్రేకులు వచ్చేదాకా బండి ఆపమను. నువ్వు చెబితే వింటాడు,” అని ఒకసారి అడిగాను.

“ఫికర్ చెయ్యకు చెల్లె. నేనున్న కదా.”

“ఆ రాయే పెట్టుకోరాదా? వదిన లేనప్పుడు.”

అతను రాళ్ళ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. “గట్ల కాదు. మీ దేవుడని మొక్కుతుండ్రు. నా అసొంటోడు తీసి టైరు కింద పెడితే నలుగురు ఏమంటరు? వదినమ్మ మనసు సుత కష్టపడ్తది.”

అతను అన్నదాన్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

ఆ పొద్దున వాన తెరిపిచ్చింది. నేను బ్యాగు తగిలించుకుని వరండాలో చెప్పులు వేసుకుంటున్నాను. బయట ట్రాక్టరు ఎప్పటిలాగే గేటు ముందు, పైకి ముఖం పెట్టి ఉంది. బోరు మోటారు హోరుమంటోంది, పైపు నుంచి ట్యాంకులోకి నీళ్ళు పడుతున్నాయి. ట్యాంకు సగానికి పైగా నిండింది. అన్నయ్య ట్రాలీ వెనక గొంతుక్కూర్చుని, కారుతున్న వాల్వుకి నూలు చుడుతున్నాడు. వాడి వెనకాల వాలు, వాలు చివర స్తంభం. భాయ్ ముందు వైపు మూత తీసి బ్యాటరీల్లో నీళ్ళు చూస్తున్నాడు. వదిన అప్పుడే రాళ్ళ ముందు దీపం పెట్టి లోపలికి వచ్చింది.

నా కళ్ళు అలవాటుగా చక్రం మీదికి పోయాయి. ఇటుకకి అడ్డంగా ఒక గీత ఉంది. నేను చూస్తుండగానే ఆ గీత వెడల్పయింది.

“అన్నయ్యా, లే! లేవరా!” అని అరిచాను. బోరు హోరులో వాడికి వినబడలేదు. భాయ్‌కి వినబడింది. తల తిప్పి, నన్ను కాదు, సూటిగా చక్రాన్ని చూశాడు. ఇటుక పిండిలా విచ్చుకుంది. ట్రాక్టరు చప్పుడు లేకుండా, ఎవరో నెమ్మదిగా పిలిచినట్టు, వెనక్కి కదిలింది.

భాయ్ గేటు స్తంభం వైపు దూకాడు. వంగాడు. రెండు చేతులూ రాయి దాకా వెళ్ళాయి. దాని మీద తడి చామంతులు, ముందు దీపం. ఆ చేతులు అక్కడ ఆగిపోవడం నేను చూశాను. ఎంతసేపని చెప్పలేను, కొంచెంసేపే. గేటుకి ఇవతల నేను గొళ్ళెంతో పెనుగులాడుతున్నాను. అతను చేతులు వెనక్కి తీసుకున్నాడు. పక్కనే పడి ఉన్న రెండో ఇటుకని పాదంతో, ఇన్నాళ్ళూ రాయిని తోసినట్టే, చక్రం కిందికి తోశాడు. అది తడిసి ఉంది. దాని మీద నుంచి చక్రం ఎక్కి దిగింది. పాదం ఇంకా అక్కడే ఉంది.

పాదం వెనక్కి తీసుకోవడానికి సమయం ఉందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అన్నయ్య వెనకాల ఉన్నాడు కాబట్టి తీసుకోలేదు. అతను వేసిన కేకకి అన్నయ్య తలెత్తి పక్కకి దొర్లాడు. చక్రానికి ఆ కొంచెం అడ్డు తగిలినందుకు బండి ముక్కు తిరిగి, ట్రాలీ అడ్డంగా వెళ్ళి ఎదురింటి గోడకి కొట్టుకుని ఆగింది. ట్యాంకు మూత ఊడి నీళ్ళన్నీ వీధిలోకి వచ్చాయి. ఆ రోజు వాలులో పారిన ఎరుపులో ఇటుక ఎంతో, తక్కినది ఎంతో నేను చూడలేదు. భాయ్ తల నా ఒళ్ళో ఉంది. “అన్న మంచిగున్నడా? అన్న మంచిగున్నడా?” అని అదే అడుగుతున్నాడు. ఆస్పత్రిలో కాలు చీలమండ పైదాకా తీసేశారు.

బ్రేకులు వారంలో వచ్చాయి. అన్నయ్య లేతు షాపు ముందు పగలంతా కూర్చుని చేయించుకొచ్చి తన చేత్తో బిగించాడు. కొత్త డ్రైవరు వచ్చి, బ్రేకు తొక్కి, బండి ఆపి, మామూలుగా దిగిపోయాడు. అది చూసి అన్నయ్య లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఆ తర్వాత వాడు ఏ బండికీ కొత్తగా ఏమీ చెయ్యలేదు. నన్ను కూడా ఎప్పుడూ బగ్గులంటూ వెక్కిరించలేదు. వెక్కిరిస్తే బాగుండునని నేను చాలాసార్లు అనుకున్నాను.

వదిన మాత్రం వీధివీధంతా చెప్పింది. బండి అంత దగ్గరికి వచ్చి కూడా మా ఆయన్ని ముట్టుకోలేదు, ఆ రాయి మహిమ కాకపోతే ఏంటి అని. ఆవిడ కళ్ళలో నీళ్ళు నిజమైనవి. రాళ్ళకి సిమెంటు దిమ్మె కట్టించారు, తర్వాత ఇనప చట్రం, తర్వాత పైన రేకు. అమీర్‌పేటలో కొత్త బైకు కొన్న ప్రతివాడూ ముందు అక్కడికి తెచ్చి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేవాడు. బళ్ళకి మంచి దేవుడని పేరొచ్చింది. నేను ఆ దారిన వెళ్ళినప్పుడల్లా తల తిప్పుకుని వెళ్ళేదాన్ని. నాకు రాయి మీద కోపం లేదు. అది పాపం చక్రం కింద ఎంత బాగా పనిచేసిందో నాకు తెలుసు.

భాయ్‌కి అన్నయ్య పంజాగుట్ట చౌరస్తా దగ్గర సెల్‌ఫోను రీఛార్జి డబ్బా పెట్టించాడు. వదిన పండగలకి వెళ్ళి వచ్చేది. మొదటిసారి వెళ్ళినప్పుడు రాళ్ళ దగ్గర కొట్టిన కొబ్బరిచిప్ప కూడా పట్టుకెళ్ళింది. అతను రెండు చేతులా తీసుకున్నాడని వచ్చి సంతోషంగా చెప్పింది. నేను లేచి మేడమీదికి వెళ్ళిపోయాను.

నేను చాలా రోజులు అటు వెళ్ళలేదు. వెళ్ళిన రోజు అతను డబ్బాలో ఎత్తయిన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఊతకర్ర గోడకి ఆనించి ఉంది. ఎడమకాలికి చెప్పుంది. కుడి పంట్లాం కాలు మడిచి పిన్నీసు పెట్టి ఉంది. నన్ను చూడగానే మొహం విప్పారింది. ఇంట్లో అందరినీ పేరుపేరునా అడిగాడు. చాయ్ తెప్పించాడు. మైత్రీవనం పిల్లలు వచ్చి నంబర్లు చెప్పి పోతున్నారు. నేను అతని పాదం ఉండాల్సిన చోటుకి చూడకుండా ఉండాలని చాలా ప్రయత్నించాను. అతను కనిపెట్టాడు.

గిరాకీ తగ్గాక అన్నాడు: “చెల్లె, ఒక్కటడుగుత, నిజం చెప్తవా?”

“చెబుతా, అడుగు భాయ్.”

“ఆ దినం నేను ఆ రాయి తీసి టైరు కింద పెట్టి ఉంటే, వదినమ్మ ఏమంటుండె?”

నేను మర్యాదకి ఏదో అనబోయి ఆగాను. నిజం చెబుతానని మాటిచ్చాను.

“తిట్టేది. బాగా తిట్టేది.”

“తర్వాత?”

“తర్వాత రాయి కడిగి మళ్ళీ బొట్టు పెట్టేది.”

భాయ్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. రోడ్డు మీద సిగ్నలు పడి బళ్ళన్నీ బ్రేకులు వేస్తున్నాయి. అతను వాటి వైపు కాసేపు చూశాడు.

“గంతేనా,” అన్నాడు.

తర్వాత నా నంబరు అడిగి రీఛార్జి చేశాడు.